పోలీస్ రేడియోకు తాళం పడింది: ఇక వినడం నేరమా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను హెచ్‌1బీ వీసా మీద కాలిఫోర్నియాలో ఉంటున్నాను. పోలీస్, ఫైర్ రేడియోను స్కానర్‌లో వినడం కొన్నేళ్లుగా నా హాబీ. ఈ మధ్య మా సిటీ పోలీసులు తమ రేడియోను ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే బయటివాళ్లకు అర్థం కాకుండా కోడ్‌లోకి మార్చేశారు. ఫైర్ ఇంకా వినిపిస్తోంది, ఆ కబుర్లు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను. ఇలా మూసేయడం చట్టబద్ధమేనా? కేసు వేయవచ్చా? ఆన్‌లైన్‌లో ఒకాయన ఆ కోడ్‌ను విప్పే కీ ఇస్తానంటున్నాడు, పాత పోలీస్ రేడియో సెట్ కూడా అమ్ముతానంటున్నాడు. కొనవచ్చా? అసలు ఇన్నాళ్లూ నేను విన్నది కూడా నేరమేనేమోనని టెన్షన్ పట్టుకుంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇన్నాళ్లూ మీరు విన్నది నేరం కాదు. ఇతరుల సంభాషణలను చాటుగా వినడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం, అంటే 1986 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ యాక్ట్, పోలీస్, ఫైర్ రేడియో వినడానికి స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. కాకపోతే ఆ ప్రసారం సాధారణ ప్రజలకు సులువుగా అందేదై ఉండాలి. స్క్రాంబుల్ చేసినవి, ఎన్‌క్రిప్ట్ చేసినవి ఆ కోవలోకి రావని నిర్వచనంలోనే రాసి ఉంది. కాబట్టి మీ పోలీసులు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసిన రోజునే ఆ ఛానళ్ల మట్టుకు మీ మినహాయింపు ఆగిపోయింది. దానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు.

అయితే అది నిజంగా ఎన్‌క్రిప్షనేనా అని ఒకసారి చూసుకోండి. చాలా సిటీలు పాత అనలాగ్ వ్యవస్థ నుంచి పీ25 అనే డిజిటల్ ప్రమాణంతో నడిచే ట్రంకింగ్‌కు (కొన్ని ఛానళ్లను అందరూ పంచుకునే వ్యవస్థకు) మారాయి. పాత స్కానర్‌కు అది అర్థం కాదు, గరగర శబ్దమో నిశ్శబ్దమో వస్తుంది. డిజిటల్‌కు మారడం వేరు, ఎన్‌క్రిప్ట్ చేయడం వేరు. పీ25 మాత్రమే అయితే దానికి తగిన స్కానర్ కొనుక్కుని మునుపటిలాగే వినవచ్చు, చట్టం అడ్డు చెప్పదు.

కీ సంగతి. దయచేసి ఆ మనిషితో మాటలు ఆపేయండి. ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రసారాన్ని కావాలని విప్పి వినడం ఫెడరల్ నేరం, శిక్ష అయిదేళ్ల దాకా ఉండవచ్చు. సివిల్‌గా నష్టపరిహారం కేసు కూడా పడవచ్చు. పాత పోలీస్ సెట్ మరీ ప్రమాదం. స్కానర్ వింటుంది, అంతే. ట్రంకింగ్ వ్యవస్థకు ప్రోగ్రామ్ చేసిన రేడియో అలా కాదు, మీరు బటన్ నొక్కకపోయినా ‘నేనున్నాను’ అని టవర్‌కు తనంతట తానే సంకేతం పంపుతుంది. అంటే మీరు లైసెన్స్ లేకుండా పోలీస్ ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేసినట్టే. వీసా మీద ఉన్న మీకు ఇది ఇంకో రకంగానూ చుట్టుకుంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని వీసా దరఖాస్తు ఫారమ్ డీఎస్-160 అడుగుతుంది. కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకు అవునని రాయాల్సిందే. ఒక హాబీ కోసం ఇంత రిస్కు వద్దు.

ఇక ఇలా మూసేయడం చట్టబద్ధమేనా అంటే, అవును. పోలీస్, ఫైర్ లాంటి పబ్లిక్ సేఫ్టీ ఛానళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఎఫ్‌సీసీ (రేడియో ఫ్రీక్వెన్సీలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) అనుమతి ఉంది. 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దేశమంతటికీ ఉమ్మడిగా కేటాయించిన కాలింగ్ ఛానళ్లలో మాత్రం చేయకూడదు, వేర్వేరు శాఖలు అవసరంలో ఒకరినొకరు పిలుచుకునేవి అవి. వినడం మా రాజ్యాంగ హక్కు అని కోర్టుకు వెళ్దామన్నా దారి కష్టం. ప్రభుత్వం దగ్గరున్న సమాచారాన్ని పొందే హక్కును ఫస్ట్ అమెండ్‌మెంట్ (భావప్రకటన, పత్రికా స్వేచ్ఛలకు హామీ ఇచ్చే రాజ్యాంగ సవరణ) తనంతట తాను ఇవ్వదని 1978లో హౌచిన్స్ వర్సెస్ కేక్యూఈడీ కేసులో సుప్రీంకోర్టులో తేలింది. ఆ ఖర్చు పెట్టుకోమని నేను మీకు చెప్పలేను.

కానీ చట్టబద్ధం అన్నంత మాత్రాన అది తప్పనిసరి అని కాదు. మీ సిటీని పట్టుకుని అడగాల్సింది ఇక్కడే. ‘రాష్ట్రమే చెయ్యమంది, మా చేతుల్లో లేదు’ అని మీ పోలీస్ శాఖ చెప్పే అవకాశం ఎక్కువ. వాళ్లు చూపించేది 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ పంపిన నోటీసును. దాన్ని పూర్తిగా చదవండి. డ్రైవింగ్ లైసెన్స్ నంబరు, పుట్టినతేదీ, నేర చరిత్ర లాంటి వ్యక్తిగత వివరాలు బహిరంగంగా గాలిలోకి వెళ్లకూడదన్నది దాని సారాంశం. అందుకు రెండు దారులు ఇచ్చింది: రేడియోను ఎన్‌క్రిప్ట్ చేయడం, లేదా ఆ వివరాలు బయటపడకుండా పద్ధతి మార్చుకోవడం. రెండో దారి కూడా పక్కా చట్టబద్ధమే. రాష్ట్రమంతా పనిచేసే కాలిఫోర్నియా హైవే పట్రోల్ ఆ దారే పట్టింది. పాలో ఆల్టో పోలీసులు 2021 జనవరిలో ఎన్‌క్రిప్ట్ చేసి, స్థానికులు వదలకుండా అడగడంతో 2022లో మళ్లీ తెరిచారు. మీ సిటీ కౌన్సిల్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇందులో పోలీసుల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ట్రాఫిక్ స్టాప్‌లో ఆపిన మనిషి పేరు, పుట్టినతేదీ ఊరంతా వినాల్సిన పని లేదు. గృహహింస ఫిర్యాదు చేసిన స్త్రీ చిరునామా అసలే వినకూడదు. ఆపరేషన్ జరుగుతుండగా ప్లాన్ బయటపడితే ప్రాణాల మీదికి వస్తుంది. అయితే వీటి కోసం కొన్ని ఛానళ్లు మూస్తే సరిపోతుంది, మామూలు డిస్పాచ్, అంటే ఫిర్యాదు వచ్చిన చోటికి పోలీసులను పంపే ఛానల్, మొత్తం మూయనక్కర్లేదు. డెన్వర్ 2019లో, న్యూయార్క్ 2023 నుంచి మొత్తంగా మూసే దారిలో వెళ్లాయి. షికాగో అరగంట ఆలస్యంగా వినిపించే ఏర్పాటు చేసింది. కొలరాడో 2021లో చట్టం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసే శాఖలు వార్తాసంస్థలకు రేడియో అందే విధానం రూపొందించాలంది. ఇవేవీ సంపూర్ణం కావు, అరగంట ఆలస్యం అప్పటికప్పుడు జాగ్రత్తపడాల్సిన వాళ్లకు పనికిరాదు. కానీ మొత్తం మూసేయడం ఒక్కటే దారి కాదని ఇవి చూపిస్తాయి. కాలిఫోర్నియా బహిరంగ సమావేశాల చట్టమైన బ్రౌన్ యాక్ట్ కింద కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా మాట్లాడవచ్చు. పౌరసత్వం అడగరు, వీసా అడగరు. వెళ్లి డిస్పాచ్ ఛానల్ తెరవమని అడగండి.

ఫైర్ రేడియోను కూడా మూసే ప్రతిపాదన వస్తే ఇంకా గట్టిగా నిలబడండి. అంబులెన్స్ కబుర్లలో రోగుల వివరాలుంటాయి, రోగుల గోప్యతను కాపాడే ఫెడరల్ చట్టం హిపా ఒప్పుకోదు అంటారు. అది సరికాదు. స్కానర్‌కు చిక్కే ఎమర్జెన్సీ మెడికల్ రేడియోను ఎన్‌క్రిప్ట్ చేయాలని హిపా ప్రైవసీ రూల్ కోరదని ఫెడరల్ ఆరోగ్యశాఖే రాసింది. పైగా పెద్ద మంటలప్పుడు పక్క కౌంటీల నుంచి ఇంజిన్లు వస్తాయి. వాటి రేడియోల్లో సరైన కీ లేకపోతే ఒకరి మాట ఒకరికి వినపడదు. 2018లో పారడైజ్ ఊరిని కాల్చేసిన ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చులో 85 మంది చనిపోయారు, అధికారిక హెచ్చరికలు చాలామందికి అందనే లేదు. అలాంటి రాష్ట్రంలో ఫైర్ రేడియో తెరిచి ఉండటం ప్రాణాలకు సంబంధించిన విషయం అని నా గట్టి నమ్మకం.

వాట్సాప్ దగ్గర కాస్త జాగ్రత్త. విన్నదాన్ని బయటపెట్టడం మీద, సొంత లాభానికి వాడుకోవడం మీద 1934 కమ్యూనికేషన్స్ యాక్ట్‌లోని 705వ సెక్షన్ పరిమితులు పెట్టింది. ఆపదలో ఉన్న మనుషులు, వాహనాలు, ఓడలు, విమానాలకు సంబంధించిన ప్రసారాలను మాత్రం ఆ సెక్షన్ నుంచి తప్పించారు. మంట ఏ వైపు వస్తోంది, ఏ రోడ్డు మూశారు అన్నంతవరకు పెట్టండి. ఇంటి నంబర్లు, మనుషుల పేర్లు, రోగుల సంగతులు వద్దు. రేడియోలో వినిపించే మొదటి మాట తర్వాత తప్పని తేలడం మామూలే కాబట్టి, కౌంటీ ప్రకటన వచ్చాక దాన్ని కూడా పెట్టండి. పోలీసులు ఎవరి కోసం వెతుకుతున్నారో ఆ మనిషికి కబురు అందిస్తే మాత్రం కాలిఫోర్నియా పీనల్ కోడ్ 636.5 కింద అదే ఒక నేరం.

కారులో స్కానర్ గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. కాలిఫోర్నియాలో దాని మీద ప్రత్యేక నిషేధం లేదు, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపడం మాత్రం కుదరదు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటాల్లో సంగతి వేరు. అనుమతి లేకుండా కారులో పోలీస్ ఫ్రీక్వెన్సీ పట్టే సెట్ ఉంటే చిక్కుల్లో పడతారు, రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారుతాయి. రోడ్ ట్రిప్‌కు వెళ్లేముందు తీసి ఇంట్లో పెట్టండి. ఈ హాబీలో కొనసాగే ఉద్దేశం ఉంటే హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ తీసుకోండి. పై రాష్ట్రాల్లో చాలాచోట్ల హామ్‌లకు మినహాయింపు ఉంది. అందులో మొదటి మెట్టయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగ్గా రాస్తే చాలు, ఎఫ్‌సీసీ ఫీజు 35 డాలర్లు, అమెరికాలో ఉత్తరాలు అందే చిరునామా ఉండాలి. పౌరులు కానక్కర్లేదు.

చివరగా, మూసేసిన ఛానల్‌లో జరిగింది తర్వాత తెలుసుకునే దారి ఒకటుంది. కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ కింద డిస్పాచ్ రికార్డింగు అడగవచ్చు. ఇస్తారో లేదో పది రోజుల్లో చెప్పాలి, అవసరమైతే ఇంకో 14 రోజులు పొడిగించుకోవచ్చు. దర్యాప్తు పేరుతో కొంత నిరాకరించవచ్చు, అప్పుడు కారణం రాతపూర్వకంగా అడగండి. అయితే రేడియో రికార్డింగులను సిటీలు 100 రోజుల తర్వాత చెరిపేయవచ్చని చట్టమే అనుమతిస్తోంది. మీకు కావలసిన సంఘటన ఏదైనా ఉంటే తేదీ, సమయం, వీధి పేరు వేసి ఈ వారమే సిటీ క్లర్క్‌కు ఈమెయిల్ పెట్టండి.