వైరింగ్ లాగే చోట మొదలుపెట్టు

పటమట, విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాత కారులోని లోహాలూ ప్లాస్టిక్కూ తిరిగి ఎలా వాడుకలోకి వస్తాయో నువ్వు రాసిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. కెమిస్ట్రీ శ్రద్ధగా చదువుకున్నావని ప్రతి పేరాలో తెలుస్తోంది. లెక్కల్లో నాకు తప్పు దొరకలేదు. అయినా రెండో పేజీ దాటేసరికి కారు కనపడడం మానేసింది. ఉక్కుకు ఒక పేరా, అల్యూమినియంకు ఒకటి, ప్లాస్టిక్‌కు ఒకటి, సీసానికి ఒకటి. ఒకే బండిలో కలిసి బతికినవి నీ వ్యాసంలో ఒకదాన్నొకటి పలకరించుకోలేదు తల్లీ.

మా ఇంటి నుంచి ఆటోనగర్‌కు నడిచి వెళ్లొచ్చు. నువ్వు గుంటూరులో పొద్దున్నే బస్సెక్కు, కొత్త స్పేర్ పార్టుల షాపుల ముందు ఆగకు. పాత బండిని విప్పే షెడ్డు దగ్గర నిలబడు. అక్కడ ముందు ఏది పీకుతున్నారో చూడు. వైరింగ్ లాగేస్తారు, మోటార్లు ఊడదీస్తారు. ఎందుకని అడిగితే రాగికి రేటుందని చెబుతారు. అది నిజమే. అయితే వాళ్ల చేతులు ఇంకో మేలు కూడా చేస్తున్నాయి. నీ వ్యాసానికి వెన్నెముక అక్కడే ఉంది.

తుక్కు ఇనుము కరిగించే కొలిమిలోకి ఆక్సిజన్ వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో నీకు తెలుసు. ఇనుముకంటే ఆక్సిజన్ మీద మక్కువ ఎక్కువ ఉన్నవన్నీ ముందు దానితో కలుస్తాయి. తుక్కుతో పాటు వచ్చిన అల్యూమినియం అలాగే ఆక్సైడ్ అయి, కరిగిన లోహం మీద తేలే మలినాల పొరలోకి, అంటే చిట్టెంలోకి పోతుంది. బాడీ రేకుకు తుప్పు పట్టకుండా పూసిన జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆవిరై, ధూళిగా ఫిల్టర్లలో చేరుతుంది. రాగి సంగతి వేరు. దానికి ఆక్సిజన్ మీద ఇనుముకున్నంత మోజు లేదు. అందుకే చిట్టెంలోకి పోదు, ఆవిరై పోదు, కరిగిన ఉక్కులోనే కూర్చుంటుంది. తర్వాత ఆ ఉక్కును ఎర్రగా కాల్చి రేకుగా సాగదీసేటప్పుడు పైపొరలోని ఇనుము గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. రాగి మిగిలిపోయి ఆ పొర కింద పోగవుతుంది. అది 1085 డిగ్రీలకు కరిగే లోహం. సాగదీసే వేడి దానికి సరిపోతుంది. కరిగి ఉక్కు రేణువుల మధ్యకు దిగుతుంది, రేకు పైన పగుళ్లు వస్తాయి. అదే ఉక్కు మళ్లీ తుక్కుగా తిరిగొచ్చిన ప్రతిసారీ, కొత్త తుక్కుతో వచ్చే రాగి పాతదానికి తోడవుతుంది. షెడ్డులో ఒక కుర్రాడు డాష్‌బోర్డు కింద పడుకుని వైరు లాగుతున్నాడంటే, ఎక్కడో తయారు కాబోయే రేకు పగలకుండా కాస్త కాపాడుతున్నట్టే. ఈ మాట నీ వ్యాసంలో లేదు. నువ్వు చెప్పగలవు.

సీసం గురించి రాసేటప్పుడు మాత్రం కలం నెమ్మదిగా నడపాలి. పాత బ్యాటరీలో ప్లేట్లు సీసం, సీసం డయాక్సైడ్, చుట్టూ సల్ఫ్యూరిక్ యాసిడ్, డబ్బా పాలీప్రొపిలీన్. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. తిరిగి వాడుకోవడానికి ఇంత అనువైన లోహం కారులో ఇంకొకటి లేదనే అంటాను. కట్టెల పొయ్యి మీద కూడా కరుగుతుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. పెరట్లో బ్యాటరీ పగలగొట్టి కరిగిస్తే యాసిడ్ కాలువలో పడుతుంది, పొగా ధూళీ ఇంట్లో పాకే పిల్లల చేతికీ నోటికీ చేరతాయి. రక్తంలో ఇంత సీసమైతే ఫరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాడేసిన బ్యాటరీలు సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదేనని మన దేశంలో 2022 నిబంధనలు అంటున్నాయి. ఆ నిబంధన రాయి, పిల్లల మాటా రాయి. ఒకటి రాసి రెండోది వదిలేయకు.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక వ్యాసంలో పాత టైర్లు కరిగించి కొత్తవి పోస్తారని రాశాను. రీట్రేడింగ్ షాపు నడిపే ఒకాయన కార్డు రాశారు: ‘అయ్యా, ఒక్క ముక్క కరిగించి చూపించండి’ అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసే పద్ధతి, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది, నేను చదివిందే. పొడవాటి రబ్బరు అణువుల గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. ఇక ఆ రబ్బరు వేడికి కరగదు, మాడుతుంది, విడిపోతుంది. చదువుకున్నది రాసేటప్పుడు గుర్తు రాలేదు. మర్నాడే ఆయన షాపుకు వెళ్లాను. అరిగిన పైపొర గీకి, కొత్త రబ్బరు అతికి ఉడికించడం సాయంత్రందాకా చూశాను. అప్పటినుంచి చేసేవాళ్లకు చదివి వినిపించకుండా ఏదీ పంపలేదు. నువ్వూ అలాగే చెయ్యి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వాళ్లు ‘సైలెన్సర్‌లో జల్లెడ’ అని పిలిస్తే ఆ మాటే ముందు వాడు, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుందని తర్వాత చెప్పు. పేరు తెలియక వాళ్లు తక్కువైపోరు. ఆ పేరు తెలుగులో సులువుగా చెప్పడం మన పని.

ప్లాస్టిక్ పేరా కుదించు. బంపర్ లోపలివైపు తిప్పి చూస్తే పీపీ (పాలీప్రొపిలీన్), ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) అని చాలాసార్లు అచ్చు కనిపిస్తుంది. ఆ అక్షరాల దగ్గర మొదలుపెడితే సగం పేజీ చాలు.

వచ్చేటప్పుడు చిన్న అయస్కాంతం తెచ్చుకో. విప్పిన ప్రతి ముక్కకూ ఆనించి, అంటుకున్నవి ఒక వైపు, అంటుకోనివి ఇంకో వైపు రాసుకో. ఆ కాగితం తీసుకుని మా ఇంటికి రా. భోజనం ఇక్కడే చేద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ మాస్టారు