కూలి తెచ్చుకునేవాడు కూలీ ఎలా అయ్యాడు?

సందేహం: ఈ మధ్య ఇంట్లో అందరం కూర్చుని 1991 నాటి ‘కూలీ నెం.1’ మళ్ళీ చూశాం. కష్టజీవుల ప్రేమకథలతో వచ్చిన సినిమాల మీద ఒక వ్యాసం రాస్తూ ‘కూలిల ప్రేమకథలు’ అని శీర్షిక పెట్టాను. ‘లి’కి దీర్ఘం ఉండాలని ఒక మిత్రుడు అన్నారు. చిన్నతనంలో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లకు కూలికి వెళ్ళిన మా నాన్నగారు మాత్రం “కూలంటే డబ్బురా, మనిషి కాదు” అంటారు. అసలు ‘కూలీ’ అనడమే చిన్నచూపు, ‘కార్మికులు’ అనో ‘శ్రామికులు’ అనో రాయమని ఇంకొకరి సలహా. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: ముందు మీ నాన్నగారి మాట వినండి. తెలుగులో ‘కూలి’ అంటే చేసిన పనికి ముట్టే ప్రతిఫలం. నేతకూలి, కుట్టుకూలి, పిండిమర దగ్గర ఇచ్చే కూలి, వీటిలో ఎక్కడా మనిషి లేడు. తమిళం, కన్నడం, మలయాళాల్లో కూడా ఈ మాటకు ఇదే అర్థం. ఆ డబ్బు కోసం పనికి వెళ్ళే మనిషిని చెప్పాలంటే మన పెద్దవాళ్ళు ఇంకో మాట చేర్చేవారు: కూలివాడు, కూలిమనిషి, కూలిజనం. ‘కూలికి వెళ్ళాను’ అనే వాక్యంలో ఆ ‘కి’ ప్రత్యయాన్ని గమనించండి. నీళ్ళకు వెళ్ళాను, కట్టెలకు వెళ్ళాను అన్నట్టే, తెచ్చుకోవలసిన దాని కోసం వెళ్ళడం అది.

మరి దీర్ఘం ఎక్కడిది? అచ్చతెలుగు నామవాచకాలు దీర్ఘంతో ముగియడం అరుదు. కుర్చీ, దర్జీ, హమాలీ వంటి మాటలు బయటినుంచి వచ్చినవి. ‘కూలీ’ కూడా ఆ వరుసలోదే, కాకపోతే దాని ప్రయాణం విచిత్రమైనది. దక్షిణాది రేవుల్లో విన్న ‘కూలి’ని ఐరోపా వర్తకులు పట్టుకుపోయారు. వాళ్ళ నోట అది జీతం కాక మనిషి అయింది. గుజరాత్ ప్రాంతంలోని కోలీలు అనే జనవర్గం పేరే దీనికి మూలమనే వాదన కూడా ఉంది. భారతదేశంలోని ఇంగ్లీషువాళ్ళ వాడుక మాటలపై 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ రెండింటినీ చర్చించింది. కోలీల పేరు, మన కూలి దారిలో ఒకదానితో ఒకటి కలిసిపోయాయని నాకు అనిపిస్తుంది. ఏమైనా, ఇంగ్లీషు, హిందీ తిరిగి అది ఇంటికి చేరేసరికి కొనకు దీర్ఘం, లోపల మనిషి వచ్చి కూర్చున్నారు. రైలు స్టేషన్లో ఎర్రచొక్కా వేసుకుని, చేతికి అంకె ఉన్న ఇత్తడి బిళ్ళ కట్టుకున్న మనిషిని మనం ‘కూలీ’ అని పిలవడం ఆ రెండో రాకతో అలవాటైనదే.

ఈ రెండు మాటలూ ఇప్పుడు వేరువేరు అనడానికి వ్యాకరణమే సాక్ష్యం. ఇకారాంత పదాలు బహువచనంలో ఉకారం తెచ్చుకుంటాయి: పులి – పులులు, కత్తి – కత్తులు. ఆ లెక్కన ‘కూలి’ బహువచనం ‘కూలులు’ కావాలి. ఎవరూ అనరు, ఎందుకంటే ఆ కూలిని లెక్కపెట్టం, పుచ్చుకుంటాం. దీర్ఘాంతాలు మాత్రం కదలవు: స్త్రీ – స్త్రీలు, కుర్చీ – కుర్చీలు, కూలీ – కూలీలు. తాజమహల్‌కు ‘రాళ్ళెత్తిన కూలీలెవ్వరు’ అని శ్రీశ్రీ అడిగింది ఈ దీర్ఘంతోనే. కాబట్టి మీ ‘కూలిల’ అటు తెలుగు పద్ధతికీ ఇటు అరువు పద్ధతికీ చెందదు. మిత్రుడు దిద్దింది సరైనదే.

ఇంకో సాక్ష్యం మీ వ్యాసానికి దగ్గరిది. పేదింటి ప్రేమికుడు సినిమాలో అయినా బయట అయినా పెద్దల ముందు నిలబడి చెప్పే మాట ఒకటుంది: “కూలో నాలో చేసుకుని దీన్ని పోషించుకుంటాను.” అక్కడ కూలి మీద ‘ఓ’ చేరగానే ఇకారం జారిపోయి ‘కూలో’ అయింది. హ్రస్వం కనుక జారింది. దీర్ఘమైతే ‘కూలీయో’ అనవలసి వచ్చేది, ఆ ప్రేమ అక్కడే నత్తి కొట్టేది! అంటే ప్రేమికుడు తనను తాను కూలీ అని పరిచయం చేసుకోవడం లేదు, తెచ్చిపెట్టబోయే కూలి గురించి హామీ ఇస్తున్నాడు.

హ్రస్వదీర్ఘాల తేడాను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ‘గోడ కూలి కూలీ మృతి’ అన్న శీర్షికలో ఒక్క దీర్ఘం లేకపోతే పాఠకుడు తడబడతాడు. మొదటిది ‘కూలు’ క్రియ, రెండోది మనిషి. ఇక్కడ దీర్ఘం చేసే ఉపకారం పెద్దది. ‘కూలీ పెంచాలి’ అని బ్యానరు రాసి ధర్నాకు కూర్చుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. మనిషిని పెంచే భారం యజమాని మీద ఎందుకు, కూలి పెంచితే చాలదా? అలాగే ‘కూలీ రేట్లు’ కాదు, ‘కూలి రేట్లు’. ఉపాధి హామీ పనుల దగ్గర ‘కూలీలకు కూలి పడింది’ అంటే రెండు మాటలూ తమతమ చోట్ల ఉన్నట్టు.

జీతం పేరు మనిషికి అంటుకోవడం ఈ ఒక్క మాటకే జరగలేదు. అరబ్బీలో హమ్మాల్ అంటే మోసేవాడు. హిందీ, మరాఠీల్లో ‘హమాలీ’ అంటే ఆ మోత పని, దానికిచ్చే డబ్బు. తెలుగులో ‘హమాలీ’ మనిషైపోయాడు, గోదాముల దగ్గర ‘హమాలీలు రాలేదు’ అంటాం. మజూరీ మాత్రం తన అర్థాన్ని కాపాడుకుంది. బంగారు నగ కొన్నప్పుడు తరుగు పక్కన రాసే మజూరీ ఇప్పటికీ డబ్బే. ‘ముఠా’ సంగతి వేరు, అది గుంపు పేరు. సరుకు దించే జట్టూ ముఠాయే, దొంగల జట్టూ ముఠాయే. 1993లో ‘ముఠా మేస్త్రి’ వచ్చింది కాబట్టి ఆ మాటకు కాస్త గౌరవం మిగిలింది. పక్కనున్న మేస్త్రి పోర్చుగీసు మాట. తెలంగాణ ‘కైకిలి’ని మరిచిపోకండి. కై అంటే చేయి, ‘కైకూలి’యే అలా నలిగిందని నా నమ్మకం. ‘కైకిలి పోవడం’ అన్నప్పుడు అర్థం చెక్కుచెదరకుండా ఉంది, మీ నాన్నగారి మాటకు అది మరో బలం.

ఇక గౌరవం ప్రశ్న. పొద్దున్నే కూడలిలో సంచి, తాపీ పట్టుకుని నిలబడినప్పుడు ఒక మనిషి అడ్డా కూలీ. అదే మనిషి సంక్షేమ మండలి కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు భవన నిర్మాణ కార్మికుడు. మొదటి మాట ఇరుగుపొరుగుది, రెండోది చట్టానిది, సంఘానిది. ‘శ్రామికుడు’ ఎక్కువగా ఉపన్యాసాల్లో బతుకుతున్నాడు. ఇంటికొచ్చి ‘ఇవాళ శ్రామికుడిగా వెళ్ళాను’ అని భార్యతో చెప్పినవాణ్ణి నేను చూడలేదు. దేశం దాటితే లెక్క మారుతుంది. 1834 నుంచి మారిషస్‌కూ, మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరులో చేరాక దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కూ ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి సంతతికి ‘కూలీ’ అన్నది తిట్టు. అక్కడి బంధువులకు మీ వ్యాసం పంపుతూంటే ఇది గుర్తుంచుకోండి. మన రైల్వే కూడా 2016 బడ్జెట్లో కూలీలను ఇకపై సహాయక్‌లు అనాలని ప్రకటించింది. స్టేషన్లో పెట్టె దించి “సహాయక్!” అని కేక వేసినవాళ్ళు నాకింకా తారసపడలేదు.

నా మటుకు ‘కూలీ’ చిన్న మాట కాదు. ‘కూలివాడికి పిల్లనిస్తానా’ అన్నప్పుడు చిన్నబుచ్చుతున్నది పదం కాదు, దానికి తగిలించిన గొంతు. ఆ వాక్యంలో ‘కార్మికుడు’ పెట్టి చూడండి, అవమానం తగ్గదు, పైగా సంభాషణ కృతకమవుతుంది. శ్రమజీవుల ప్రేమను తెరకెక్కించేవారు పాత్రల చేత ‘కూలి’ అనిపించి, పోస్టరు మీద ‘కూలీ’ అని వేస్తే రెండు చోట్లా ఒప్పే.

మీ శీర్షిక ‘కూలీల ప్రేమకథలు’ అని ఉండాలి. వ్యాసంలో మీ నాన్నగారి బ్యారన్ రోజుల ముచ్చట ఎక్కడైనా చెప్పదలిస్తే ఆయన మాటల్లోనే ‘కూలికి వెళ్ళేవాణ్ణి’ అని రాయండి. అచ్చుకు పంపేటప్పుడు ఎవరైనా అక్కడ దీర్ఘం చేరిస్తే మాత్రం తీసేయించండి.