పింఛను ఆపిన ఉత్తర్వు మీద సంతకం ఎవరిది?

సందేహం: మాది కాట్రేనికోన మండలంలో ఒక పల్లె. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. అమ్మకు వచ్చే వితంతు పింఛను నాలుగు నెలలుగా రావడం లేదు. సచివాలయంలో అడిగితే, నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడుతున్నట్లు కంప్యూటర్ చూపిస్తోందని, తామేమీ చేయలేమని అంటున్నారు. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక టీవీ. ఆరా తీస్తే తెలిసింది, నాన్నగారు ఒకప్పుడు కౌలుకు చేసిన రొయ్యల చెరువు మీటరు అమ్మ ఆధార్ నంబరుకు జతపడి ఉందట. ఆ చెరువు ఇప్పుడు వేరేవాళ్లు చేస్తున్నారు. కంప్యూటర్ చేసిన నిర్ణయం మీద కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు, అమ్మా. అయితే ముందు ఒక సంగతి చూడండి. ఫలానా కారణం వల్ల పింఛను ఆపుతున్నామని అధికారి సంతకంతో మీ అమ్మగారికి ఏదైనా కాగితం అందిందా? దానికి ముందు, మీరేమంటారని అడుగుతూ నోటీసు వచ్చిందా? మీ ఉత్తరంలో వీటి ప్రస్తావన లేదు కనుక రాలేదనే అనుకుంటున్నాను. మీ కేసుకు బలం అక్కడే ఉంది.

పింఛను మంజూరు చేసే అధికారమైనా, నిలిపివేసే అధికారమైనా ప్రభుత్వం అధికారికే ఇచ్చింది. ఆరు అంచెల పరిశీలన అని మన రాష్ట్రంలో పేరుపడిన పద్ధతిలో కంప్యూటర్ చేసేదల్లా భూమి, వాహనం, కరెంటు, ఆదాయపు పన్ను వంటి వివరాలను ఆధార్ నంబరుతో సరిచూడటమే. అందులో తేడా కనబడితే అది అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని ఊరికి వచ్చి, మనిషిని అడిగి తేల్చవలసింది అధికారి. ‘సిస్టమ్ తీసుకోవడం లేదు’ అని ఆయన చేతులెత్తేస్తే, తన అధికారాన్ని తాను వినియోగించలేదని ఒప్పుకున్నట్లే. మీ విషయంలో కరెంటు బిల్లు చేతిలోకి తీసుకుని సర్వీసు నంబరు దగ్గర కేటగిరీ చూసి ఉంటే చాలు. ఇంటి కరెంటుకు ఒక కేటగిరీ, చెరువులకు మరొకటి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు రాత్రంతా తిరిగే మీటరు రెండు ఫ్యాన్ల ఇంటిది ఎలా అవుతుందని కోనసీమలో ఎవరికైనా సందేహం రావాలి. కంప్యూటర్‌కు రాదు. అందుకే మనిషిని పెట్టారు.

ఇక ప్రాథమిక హక్కుల మాట. పింఛను పొందడం నేరుగా ప్రాథమిక హక్కు కాదు. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సాయం గురించి చెప్పే రాజ్యాంగంలోని 41వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో ఉంది, దాని అమలు కోసం నేరుగా కోర్టుకు వెళ్లలేం. కానీ అర్హురాలని తేల్చి ఇస్తూ వచ్చిన పింఛనును ఒక్క మాటైనా అడగకుండా ఆపితే అది సమానత్వ హక్కు ఇచ్చే 14వ అధికరణానికి విరుద్ధం. ప్రభుత్వ చర్య నిరంకుశంగా ఉండకూడదని, అనుసరించే పద్ధతి న్యాయంగా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తర్వులో లేని కారణాలను తరువాత కోర్టులో అఫిడవిట్ వేసి అతికించడం కుదరదని మొహిందర్ సింగ్ గిల్ కేసు చెబుతుంది. మీకు బాగా దగ్గరగా ఉన్నది తెలంగాణ వ్యవహారం. అక్కడ కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ, మనిషిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సరైనదై ఉండాలన్న నియమం ఉంది. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది కనుక ప్రస్తుతానికి మీ కేసును దాని మీద నిలబెట్టవద్దు.

చేయవలసినది ఇది. ముందు విద్యుత్ సెక్షన్ ఆఫీసులో, ఆ సర్వీసు నంబరు నుంచి అమ్మగారి ఆధార్ తొలగించమని అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఈ ఒక్క పనితోనే చాలామందికి సమస్య తీరుతుంది. ఆ నకలు జతచేసి ఎంపీడీఓకు మరో అర్జీ పెట్టండి. పింఛను పునరుద్ధరించమని మాత్రమే రాసి ఊరుకోకండి, బకాయిలు కూడా అడగండి. నెలకు 4,000 చొప్పున నాలుగు నెలలకు 16,000 రూపాయలు. రొయ్యల షెడ్డు కూలి మీద బతికే ఒంటరి ఆడవాళ్లకు అది బీపీ మందు, బియ్యం, కిరాణా అప్పు. ఆ డబ్బు వదిలేసుకోమని ఎవరు చెప్పినా వినవద్దు.

సమాచార హక్కు చట్టం కింద కూడా ఒక దరఖాస్తు వేయండి. తెల్ల కార్డు ఉన్నవారికి రుసుము లేదు. పింఛను ఆపిన ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన సమాచారం, నిర్ణయం తీసుకున్న అధికారి హోదా అడగండి. బాధితులకు కారణాలు చెప్పి తీరాలని ఆ చట్టం సెక్షన్ 4(1)(డి) చెబుతోంది. జవాబుకు గడువు 30 రోజులు.

అప్పటికీ కదలకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్, వేయవచ్చు. ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. అమలాపురం కోర్టులోని న్యాయ సేవాధికార కార్యాలయంలో అడిగితే దారి చూపుతారు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కనుక అక్కడ కూడా ఒక నకలు ఇవ్వండి. అమ్మగారిని వెంట తీసుకువెళ్లండి, అర్జీ మీద సంతకమో వేలిముద్రో ఆమెదే ఉండాలి. ఇంటి బిల్లు, చెరువు మీటరు బిల్లు రెండూ మరచిపోవద్దు.