కంటి క్యాప్సూల్స్ వేసుకోవాలా? తోటకూర తింటే చాలా?

ప్రశ్న: నా వయసు 62. మాది ఖమ్మం. చదివేటప్పుడు అక్షరాలు మసకగా కనిపిస్తుంటే కంటి డాక్టర్‌కు చూపించుకున్నాను. రెండు కళ్లలోనూ డ్రై ఏఎండీ (వయసుతో పాటు రెటీనా, అంటే కంటి వెనక తెర, మధ్య భాగం నెమ్మదిగా దెబ్బతినే జబ్బు) మొదటి దశలో ఉందని, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమని చెప్పారు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి మనసు ఊరుకోక యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ పంపాడు. సీసా మీద విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్, కాపర్ అని రాసి ఉంది. ముప్ఫయ్యేళ్లు సిగరెట్లు తాగి, నాలుగేళ్ల కిందట మానేశాను. బీపీ మాత్ర తప్ప వేరే మందులేవీ వాడను. ఈ క్యాప్సూల్స్ వేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. సీసా మీద రాసింది చూసి పంపడం మంచి పని చేశారు. అందులో మీకు పడనిది బీటా కెరోటిన్. క్యారెట్‌లో ఉండేదే కదా అనుకుంటారు. క్యారెట్ కూర తింటే ఏమీ కాదు. కానీ పొగతాగేవాళ్లు దాన్నే పెద్ద మోతాదులో మాత్రగా వేసుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1990లలోనే ఫిన్లండ్, అమెరికా పరిశోధనల్లో బయటపడింది. మానేసినవాళ్లకూ ఆ ముప్పు ఉంది.

అసలీ క్యాప్సూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయంటే, అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ చేసిన ‘ఏరెడ్స్’ అనే పెద్ద అధ్యయనం నుంచి. 2001లో ఫలితాలు వచ్చాయి. ఏఎండీ మధ్య దశలో ఉన్నవాళ్లు, ఒక కంట్లో ముదిరిపోయినవాళ్లు ఈ మోతాదులు వాడితే, అయిదేళ్లలో జబ్బు ముదిరే అవకాశం దాదాపు 25 శాతం తగ్గింది. మొదటి దశలో ఉన్నవాళ్లకు ఉపయోగం కనిపించలేదు. శుక్లాలనూ ఆపలేదు. 2013లో వచ్చిన రెండో అధ్యయనం తర్వాత బీటా కెరోటిన్ తీసేసి, ఆకుకూరల్లో ఉండే పసుపు పదార్థాలైన ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు పెట్టారు. మీ దగ్గరున్నది పాత ఫార్ములా. కొత్తదైనా మీ దశకు అవసరం లేదు. రోజుకు 80 మిల్లీగ్రాముల జింక్‌ను ఊరికే ఎందుకు మింగడం? కడుపులో వికారం, దానికి తోడు కాపర్ తగ్గి రక్తహీనత వచ్చే అవకాశం. ఫార్ములాలో కాపర్ కలిపింది అందుకే. జబ్బు మధ్య దశకు చేరితే మీ డాక్టరే రాస్తారు.

ఇక తిండి సంగతి. రెటీనా మధ్యలో, మనం చదవడానికి, మనిషి ముఖం గుర్తుపట్టడానికి వాడే చిన్న చుక్కంత భాగం మాక్యులా. అది పసుపు రంగులో ఉంటుంది. ఆ పసుపు ల్యూటిన్, జియాజాంథిన్‌లదే. వీటిని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. రెటీనాకు ఆక్సిజన్ బాగా కావాలి, పైగా పొద్దస్తమానం వెలుతురు పడుతూనే ఉంటుంది. అందుకే అక్కడ కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. ఈ పసుపు పదార్థాలు నీలి కాంతిని కొంత పీల్చుకుని, ఫ్రీ రాడికల్స్‌కూ అడ్డుపడతాయి.

అవి ఎక్కువగా ఉండేది ఆకుకూరల్లోనే. ఆకుపచ్చ రంగు చాటున ఆ పసుపు మనకు కనపడదు, అంతే. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర ఏదైనా సరే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ల్యూటిన్ కొవ్వులో కరుగుతుంది. నూనె చుక్క లేకుండా ఆకులు మిక్సీలో తిప్పి పొద్దున్నే గ్లాసుడు తాగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. దానికంటే తాలింపు పెట్టిన తోటకూర పప్పే నయం. కోడిగుడ్డు తింటే పచ్చసొన పారేయకండి. అందులో ల్యూటిన్ తక్కువే అయినా, పక్కనే కొవ్వు ఉండటంతో ఒంటికి బాగా పడుతుంది. మొక్కజొన్న కండెలో జియాజాంథిన్ దొరుకుతుంది. విటమిన్ సి కోసం జామపండు తినండి, బత్తాయి కంటే అందులోనే చాలా ఎక్కువ. వారానికి రెండుసార్లు చేపల పులుసు ఉంటే మరీ మంచిది.

తిండితో పోయిన చూపు తిరిగి రాదు. జబ్బు ముదరకుండా కొంత కాపు కాస్తుంది. దానికంటే మీరు సిగరెట్ మానేయడమే మీ కంటికి చేసిన పెద్ద మేలు. (అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడే పాఠకులు మాత్రం ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి, డాక్టర్‌ని అడగండి.)

ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా. రోజూ పొద్దున చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్యలో ఉన్న ఒక తేదీని చూడండి. తర్వాత రెండో కంటితో చూడండి. చుట్టూ ఉన్న గళ్ల గీతలు తిన్నగా ఉన్నాయా? ఎక్కడైనా వంగినట్టు, అల అల్లాడినట్టు, ఒక గడి చెరిగిపోయినట్టు కనిపిస్తే అది వెట్ ఏఎండీ (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి, నీరు, నెత్తురు కారే రకం) కావచ్చు. దానికి కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ఆలస్యమైతే అంతగా పనిచేయవు. ఆర్నెల్ల అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా మర్నాడే వెళ్లండి.