బిడ్డ ఆడో మగో తేల్చలేదంటే ముందు చేయించాల్సింది ఆపరేషన్ కాదు

మీ తమ్ముడికి పుట్టిన బిడ్డ ఆడో మగో డాక్టర్లు ఇంకా చెప్పలేదని, పెద్దవాళ్లు వెంటనే ఆపరేషన్ చేయించమంటున్నారని రాశారు. ముందు చూడాల్సింది బిడ్డ ప్రాణం అండీ. ఇలాంటి పిల్లల్లో తరచుగా కనిపించే కారణం కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా, అంటే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే లోపం. అందులో ఒంటికి అత్యవసరమైన కార్టిసోల్ అనే హార్మోన్ సరిగా తయారుకాదు, కొందరికి ఒంట్లో ఉప్పు నిలవదు. మొదటి రెండు మూడు వారాల్లోనే వాంతులు, పాలు తాగకపోవడం, నీరసం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. అలా కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ లోపాన్ని పట్టిచ్చే 17-హైడ్రాక్సీప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పరీక్ష, ఒంట్లో లవణాలు చూసే సోడియం, పొటాషియం పరీక్షలు చేశారా అని ఈరోజే అడగండి. ఈ లోపానికి మందులున్నాయి, జీవితాంతం వాడాలి.

క్రోమోజోమ్ పరీక్ష, స్కానింగ్ కూడా కావాలి. కానీ ఎక్స్‌వై (సాధారణంగా మగవాళ్లలో ఉండే క్రోమోజోముల జత) అని రాగానే మగబిడ్డ అని ఖాయం చేసుకోకండి. మగ లక్షణాలు తెచ్చే ఆండ్రోజెన్ హార్మోన్‌కి శరీరం ఏమాత్రం స్పందించని పరిస్థితిలో, ఎక్స్‌వై ఉన్నా బయటి రూపం ఆడపిల్లదే. అలాంటివారిలో చాలామంది ఆడవాళ్లుగానే జీవిస్తారు.

మూత్రం పోవడానికి అడ్డు లాంటివి ఉంటే తప్ప, రూపం కోసం చేసే ఆపరేషన్‌కి తొందర లేదు. బిడ్డ పెద్దయ్యాక తనే చెప్పగలిగే విషయం అది. చుట్టాలు అడిగితే "బిడ్డ బాగుంది, పరీక్షలు జరుగుతున్నాయి" అనండి, చాలు. మీ మరదలు తనవల్లే ఇలా అయిందని కుమిలిపోతూ ఉంటుంది, దయచేసి ఆమె తప్పేమీ లేదని మీరే చెప్పండి.