ఇసుక గుంట, నూనె ట్యాంకు: రెండూ బంకరే

ప్రశ్న: మా అబ్బాయి ఓడలో పనిచేస్తాడు. 'సింగపూర్‌లో బంకరింగ్ జరుగుతోందమ్మా, తర్వాత మాట్లాడతా' అని ఫోన్ పెట్టేశాడు. టీవీలో గోల్ఫ్ పెడితే బంతి బంకర్‌లో పడిందంటారు. నాకు తెలిసిన బంకర్ సైనికులు తలదాచుకునేది. అన్నీ ఒకటేనా?
– ఓ పాఠకురాలు, భీమిలి

జవాబు: మాట ఒకటేనమ్మా, పుట్టిల్లు స్కాట్లండ్. అక్కడ బంకర్ అంటే మొదట్లో పెట్టె. మూత మీద కూర్చోవడానికీ పనికొచ్చేది. 19వ శతాబ్దంలో ఆవిరి ఓడల్లో బొగ్గు నింపే గదినీ అలాగే పిలిచారు. బొగ్గు పోయి నూనె వచ్చినా పేరు పోలేదు. ఓడకు ఇంధనం ఎక్కించడమే బంకరింగ్. అందులో సింగపూర్‌దే ప్రపంచంలో మొదటి స్థానం.

నేను ఇంజిన్ రూమ్‌లో ఉన్నప్పుడు బంకరింగ్ అంటే నిద్రుండేది కాదు. పగలైతే ఎర్రజెండా, రాత్రయితే ఎర్రదీపం. గొట్టం బిగింపు దగ్గర ఒకరు కాపలా. ట్యాంకులోకి టేపు దించి కొలవడం, శాంపిల్ సీసాలకు సీలు వేయడం, చుక్క సముద్రంలో పడకూడదన్న టెన్షన్! మీవాడు ఫోన్ పెట్టేశాడంటే తప్పు పట్టకండి.

గోల్ఫ్‌లో బంకర్ అంటే ఇసుక గుంట. స్కాట్లండ్‌లోని పేరున్న గోల్ఫ్ మైదానం సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఇలాంటివి వందకు పైనే. 14వ హోల్ దగ్గరున్నదాని పేరే 'హెల్ బంకర్'. 1995లో గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అంతటివాడికే అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టాయి. టైగర్ వుడ్స్ మాత్రం 2000లో నాలుగు రోజుల్లో ఒక్క బంకర్‌లోనూ పడకుండా అక్కడే బ్రిటిష్ ఓపెన్ టోర్నీ గెలిచాడు.

సైనికుల బంకర్ వీటన్నిటికంటే తర్వాత వచ్చింది.