జీఎల్ఏ: పెట్రోలా, డీజిలా?

ప్రశ్న: మాది విశాఖ. మార్పులు చేసి తెచ్చిన మెర్సిడెస్ జీఎల్ఏ కొనాలనుకుంటున్నాం. రోజూ ఆఫీసుకు పది కిలోమీటర్లు, నెలకోసారి అరకు. ఇంట్లో పెట్రోల్ అంటున్నారు, ఫ్రెండ్స్ డీజిల్ అంటున్నారు. ఒకటే టెన్షన్. ఏది తీసుకోమంటారు సార్?

జవాబు: మీ వాడకానికి పెట్రోలే తీసుకోండి. 2024 జనవరిలో మన దగ్గరికి వచ్చిన ఈ కారులో గ్రిల్, లైట్లు, స్టీరింగ్ మారాయి, సీట్ల మధ్య ఉండే టచ్‌ప్యాడ్ తీసేశారు. ఇంజిన్లు మాత్రం రెండే: 163 హార్స్‌పవర్ ఇచ్చే 1.3 లీటర్ల టర్బో పెట్రోల్, 190 ఇచ్చే 2 లీటర్ల డీజిల్. డీజిల్‌కి 400 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం), పైగా నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో మలుపు తిరిగి ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త నొక్కితే చాలు, బండి లాగేస్తుంది, ఆ హాయి నేను కాదనను. కానీ డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, పట్టిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. రోజూ సిగ్నళ్ల మధ్య పది కిలోమీటర్లే తిప్పితే ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, ఇక సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. పెట్రోల్‌కి 270 న్యూటన్ మీటర్లు ఉన్నాయి, నలుగురితో అరకు ఎక్కడానికి ఇబ్బందేమీ పడదు. టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని సింహాచలం కొండ మీదికి ఒకసారి వెళ్లి రండి.